ఎంఆర్ఐలో ఏమీ లేదన్నారు, అయినా బయాప్సీ అంటున్నారు, ఎందుకు?

నిద్రలేనోడు:
మా నాన్నగారికి 66 ఏళ్లు. రక్తపరీక్షలో పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చే ప్రోటీన్, పెరిగితే క్యాన్సర్ ఉందేమో అని చూస్తారు) 7.8 వచ్చింది, ప్రోస్టేట్ సైజు 38 సీసీ. ఎంఆర్ఐ తీస్తే పైరాడ్స్ 2 (క్యాన్సర్ అనుమానానికి 1 నుంచి 5 దాకా ఇచ్చే స్కోరు, 2 అంటే అనుమానం తక్కువ) అని రాశారు, హమ్మయ్య అనుకున్నాం. తీరా యూరాలజిస్ట్ మాత్రం బయాప్సీ చేద్దాం అంటున్నారు. స్కాన్‌లో లేనిది సూదికి ఎలా దొరుకుతుంది? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

ఫిల్మ్_చదివేవాడు:
నేను రేడియాలజీలో పనిచేస్తాను. ఎంఆర్ఐ క్యాన్సర్ కణాన్ని నేరుగా చూపించదండి, కణాలు ఒత్తుగా పేరుకుపోయి వాటి మధ్య నీటి కదలిక తగ్గిన చోటును చూపిస్తుంది. గడ్డ ఒత్తుగా ఉంటే తేలిగ్గా పట్టేస్తాం. అదే క్యాన్సర్ కణాలు మామూలు గ్రంథుల మధ్య పలచగా చెదిరి ఉంటే, చేలో అక్కడక్కడా మొలిచిన కలుపు దూరం నుంచి ఆనదు కదా, అలాగే తప్పించుకుంటుంది. క్రిబ్రిఫార్మ్ అనే రకం ప్రమాదకరమైనదే, అయినా కొన్నిసార్లు సరిగ్గా కనబడదు. మరీ చిన్న గడ్డలూ అంతే. వయసుతో ప్రోస్టేట్ మధ్యభాగం ఉబ్బి గడ్డలు కట్టిన వాళ్లలో ఏది మామూలు గడ్డో ఏది కాదో తేల్చడం మాకే కష్టం.

సూటిగా:
పైవారు సొంత శాఖను కాస్త వెనకేసుకొచ్చారు :) స్కాన్ నాణ్యత సంగతి కూడా చెప్పాలి. పురీషనాళంలో గ్యాస్ ఉన్నా, తుంటికి మెటల్ కీలు వేసి ఉన్నా నీటి కదలికను చూపే డిఫ్యూజన్ బొమ్మలు వంకరపోతాయి. అంతకుముందే బయాప్సీ అయి ఉంటే ఆ రక్తం వారాల తరబడి గందరగోళపెడుతుంది. చదివే మనిషి అనుభవం సరేసరి, ఒకే ఫిల్మ్‌కి ఇద్దరు వేర్వేరు స్కోర్లు ఇవ్వడం మామూలే. ప్రోస్టేట్ ఎంఆర్ఐలు రోజూ చూసే వాళ్లతో రెండోసారి చదివించండి, కొత్త స్కాన్ అక్కర్లేదు, సీడీ చాలు.

ఫిల్మ్_చదివేవాడు:
ఒప్పుకుంటాను. అలాగని ఎంఆర్ఐ దండగ అనుకోవద్దు. బ్రిటన్‌లో 576 మందితో చేసి 2017లో ప్రచురించిన ప్రామిస్ అధ్యయనంలో, పట్టించుకోవాల్సిన స్థాయి క్యాన్సర్లలో 93 శాతం ఎంఆర్ఐకి దొరికాయి, పాతపద్ధతి అల్ట్రాసౌండ్ బయాప్సీకి 48 శాతమే. కాకపోతే ఎంఆర్ఐ బాగుందన్న ప్రతి 100 మందిలో 11 మందికి అలాంటి క్యాన్సర్ ఉంది. మీ నాన్నగారు ఏ లెక్కలోకి వస్తారనేది పీఎస్ఏ సాంద్రత (పీఎస్ఏని ప్రోస్టేట్ సైజుతో భాగిస్తే వచ్చేది) చూసి అంచనా వేస్తారు. 7.8ని 38తో భాగిస్తే 0.2 దాటింది, సాధారణంగా 0.15 దాటితే అనుమానిస్తారు. మీ డాక్టర్ పట్టుబట్టడానికి బహుశా అదే కారణం, నేనైనా చేయించమనే అంటాను.

ఊరికే_అడిగా:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. దొరకనివన్నీ ప్రమాదమైనవి కావు కదా? గ్లీసన్ 6 (బయాప్సీలో క్యాన్సర్ తీవ్రతకు ఇచ్చే స్కోర్లలో తక్కువ స్థాయిది) చాలాసార్లు ఎంఆర్ఐలో కనబడదు, కనబడకపోవడమే మేలంటారు, ఎందుకంటే వాటిలో ఎక్కువ వాటికి వైద్యమే అక్కర్లేదు, గమనిస్తూ ఉంటే సరిపోతుంది. ఇంకొకటి, నాన్నగారు ప్రోస్టేట్‌ను కుదించే ఫినాస్టెరైడ్ గానీ డ్యూటాస్టెరైడ్ గానీ వాడుతున్నారా? ఆ మందులు కొన్ని నెలలు వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది, అప్పుడు 7.8ని 7.8గా చూడకూడదు.

నిద్రలేనోడు:
లేదండి, మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే ట్యామ్సులోసిన్ ఒక్కటే. సాంద్రత సంగతి మాకెవరూ చెప్పలేదు. సీడీ రేపే ఇంకొకరికి పంపిస్తున్నాను, బయాప్సీకి డేట్ కూడా అడుగుతాం.