ఛెమ్స్‌ఫర్డ్ నగరమైంది 2012లోనేనా?

గోదారిగట్టు: మాంటేగు–ఛెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు బట్టీపట్టి పరీక్ష రాసినవాళ్లమే కదా అందరం! ఆ వైస్రాయి బిరుదులో ఉన్న ఊరు లండన్‌కి ఈశాన్యంగా, ఎసెక్స్‌లో ఉంది. అక్కడ సంత పెట్టుకోడానికి 1199లో జాన్ రాజు లండన్ బిషప్‌కి అనుమతిచ్చాడు. 'నగరం' హోదా మాత్రం 2012లో, ఎలిజబెత్ రాణి గద్దెనెక్కి 60 ఏళ్లయిన సందర్భంగా దక్కింది. 813 ఏళ్లు! పోనీ ఒరిగిందేమిటి? మన దగ్గర మున్సిపాలిటీ కార్పొరేషన్ అయితే పాలనే మారుతుంది. అక్కడ ఈ హోదాతో కొత్త అధికారం లేదు, అదనంగా నిధులూ రావు. నాకైతే బోర్డు మార్చినట్టే ఉంది.

వైర్‌లెస్_మావయ్య: గోదారి గారూ, బోర్డు ఆలస్యంగా మారింది, అంతే. ఊరు ఎప్పుడో మారిపోయింది. మీ హాల్లో క్రాంప్టన్ ఫ్యాన్ ఉందా? ఆ పేరుగల ఇంజనీరు 1878లో కంపెనీ మొదలెట్టింది ఈ ఊళ్లోనే. 1898లో మార్కోనీ హాల్ స్ట్రీట్‌లో వైర్‌లెస్ ఫ్యాక్టరీ తెరిచాడు, ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. అదే ఏడు హాఫ్‌మన్ వాళ్ల బాల్‌బేరింగుల కంపెనీ కూడా వచ్చింది. 1920 జూన్ 15న న్యూ స్ట్రీట్‌లోని మార్కోనీ ఫ్యాక్టరీలో గాయని నెల్లీ మెల్బా మైకు ముందు నిలబడి పాడితే ఎక్కడెక్కడి రిసీవర్లలోనో వినబడింది. సంత ఊరు అంటే నేనొప్పుకోను.

గోదారిగట్టు: మావయ్యా, ఫ్యాన్ ఉంది, తిరుగుతోంది కూడా 🙂 కానీ హోదా వచ్చేనాటికి ఆ మూడు ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. మరి దేన్ని చూసి ఇచ్చినట్టు?

శాసనాల_పిచ్చి: దేన్నీ చూసి కాదండీ, అది రాజముద్ర వ్యవహారం. కెథెడ్రల్ (బిషప్ పీఠమున్న చర్చి) ఉంటేనే నగరం అనే పాత ఆనవాయితీని ఇంగ్లండ్‌లో 1889లోనే బర్మింగ్‌హామ్ బద్దలుకొట్టింది, అప్పటికి దానికి ఇంగ్లండ్ అధికారిక చర్చి కెథెడ్రల్ లేదు. ఇక ఛెమ్స్‌ఫర్డ్ తంటా చూడండి: 1914లో అక్కడి సెయింట్ మేరీ చర్చి కెథెడ్రల్ అయింది, హోదాకి ఇంకో 98 ఏళ్లు! జనాభా లెక్కా కుదరదు. 2012లోనే నగరమైన వేల్స్‌లోని సెయింట్ అసాఫ్‌లో జనం నాలుగు వేలు కూడా ఉండరు. రెండు లక్షలు దాటిన నార్తాంప్టన్ ఇప్పటికీ టౌనే.

ఎసెక్స్_అల్లుడు: నేనుండేది ఆ పక్కనే. మా ఆవిడ ఇప్పటికీ "టౌన్‌కెళ్లొస్తా" అనే బయల్దేరుతుంది. అయినా ఉత్త బోర్డు అంటే ఒప్పుకోను, ఇంగ్లండ్‌లోనే ఉన్న రోచెస్టర్ సంగతి తెలుసా? 1998లో కౌన్సిళ్లు కలిపేటప్పుడు హోదా కాపాడేందుకు ట్రస్టీలను వెయ్యడం మర్చిపోయారు. ఎన్నో వందల ఏళ్ల నగరం హోదా పోయింది. పోయినట్టు 2002 దాకా ఎవరూ గమనించలేదు! అప్పట్నుంచీ తిరిగి తెచ్చుకోడానికి తంటాలు పడుతూనే ఉన్నారు.

గోదారిగట్టు: నాలుగేళ్లు ఎవరూ గమనించలేదంటే అది నా పాయింటేగా అల్లుడుగారూ!

ఎసెక్స్_అల్లుడు: గమనించాక ఊరుకోలేదుగా, అది నా పాయింటు.