గోస్తని లోయలో బొర్రా గుహలు, కటికి జలపాతం, గెడ్డల్లోని (కొండవాగుల్లోని) గుండాలు: రెండు రోజుల్లో ఎంతవరకు చూడవచ్చు?

ప్రశ్న: మద్దిలపాలెం బాటసారి

అందరికీ నమస్కారం. ఇరవై ఏళ్లుగా విశాఖపట్నంలోనే ఉంటున్నా, బొర్రా గుహలను నేను చూసింది ఒక్కసారే. అదీ కళాశాల రోజుల్లో, ముందు వెళ్లేవాడి వీపు చూసుకుంటూ గంటలో లోపలికి వెళ్లి బయటకు వచ్చిన చూపు. ఈ నవంబరు రెండో వారంలో మా అమ్మగారిని, నా భార్యను, పద్నాలుగేళ్ల మా అబ్బాయిని తీసుకుని రెండు రోజులు తీరిగ్గా వెళ్లాలనుకుంటున్నాను. అమ్మకు అరవై తొమ్మిదేళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. అయినా గుహలోని శివలింగాన్ని చూడాలన్నది ఆమె చిరకాల కోరిక.

నా సందేహాలు ఇవి. గుహ ఉన్న కొండకు దిగువన గోస్తని ఇరుకైన లోయలో పారుతుంది కదా, అక్కడికి దిగి, నది వెంట కొంత దూరం నడిచి, రాతి గుండాలను చూసి రావడం కుటుంబంతో సాధ్యమేనా? మా అబ్బాయి మూడేళ్లుగా ఈత నేర్చుకుంటున్నాడు, గుండంలో దిగుతానని ఇప్పటినుంచే పట్టుబడుతున్నాడు. నవంబరు నాటికి వానలు వెనకబడతాయి కనుక ప్రమాదం ఉండదనే నేను అనుకుంటున్నాను. కారులో వెళ్లడం మేలా, రైలులో వెళ్లడం మేలా అన్నది కూడా అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు: శృంగవరపుకోట మాస్టారు

బాబూ, మీ ప్రశ్నలో చివరిదానితో మొదలుపెడతాను, అది తేలిక కనుక. వెళ్లేటప్పుడు రైలెక్కండి. విశాఖలో ఉదయం ఏడు గంటలలోపే బయలుదేరే కిరండూల్ బండి మా శృంగవరపుకోట దాటి, బొడ్డవర, శివలింగాపురం మీదుగా ఘాటు ఎక్కుతుంది. అక్కడినుంచి త్యాడ, చిమిడిపల్లి, ఆ తరువాత బొర్రా గుహలు స్టేషను. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడం కోసం వేసిన ఈ మార్గంలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా యాభైకి పైగా సొరంగాలున్నాయి. సొరంగానికీ సొరంగానికీ నడుమ కిటికీలోంచి ఒక్కసారిగా తెరుచుకునే లోయను, కారు నడుపుతూ మలుపుల మీదే దృష్టి పెట్టినవాడు చూడలేడు. ఈ పట్టాలు బొర్రా గుహల పైనుంచే పోతాయన్న సంగతి అబ్బాయికి ముందే చెప్పండి, గుహలో ఉండగా తల పైకెత్తి చూస్తాడు. కారు కావాలంటే మరునాటికి కుదుర్చుకోవచ్చు.

ఇక అమ్మగారి సంగతి. ముఖద్వారం నుంచి లోపలికి దిగే దారి పొడవునా మెట్లే. దిగేటప్పుడు మోకాళ్లకు బాధ ఎక్కువ, ఎక్కేటప్పుడు ఆయాసం ఎక్కువ. అయితే ఈ గుహ గొప్పతనమంతా మొదటి పెద్ద మందిరంలోనే ఉందని నా అభిప్రాయం. కప్పులో ఒకచోట కన్నం ఉంది, దానిలోంచి పగటి వెలుగు పడుతుంటుంది. ఆ వెలుగులో ఆ ఎత్తు, ఆ వెడల్పు చూస్తూ ఆమె ఒకచోట కూర్చుంటే చాలు, ఏమీ పోగొట్టుకున్నట్లు కాదు. శివలింగం దగ్గరకు వెళ్లే మెట్లు మాత్రం నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. కార్తీక మాసంలో, అందులోనూ సోమవారాల్లో, ఆ మెట్ల మీద జనం ఒకరినొకరు ఆనుకుని నిలబడతారు. కాబట్టి ఆదివారాన్నీ సోమవారాన్నీ వదిలిపెట్టి, గుహ తెరవగానే లోపల ఉండేటట్లు చూసుకోండి. లింగం దాకా ఎక్కాలా వద్దా అన్నది ఆ మెట్ల మొదట నిలబడి ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. పట్టు ఉన్న చెప్పులు తప్పనిసరి, లోపల నేల చాలాచోట్ల తడిగానే ఉంటుంది.

ఆ కప్పులోని కన్నం వెనుక ఒక కథ ఉంది. పూర్వం మేస్తూ మేస్తూ ఒక ఆవు ఆ రంధ్రంలోంచి కిందికి జారిపడిందట, దానిని వెతుక్కుంటూ దిగిన పశులకాపరికి లోపల శివలింగమూ, దాని మీద ఆవు ఆకారంలో ఉన్న రాయీ కనిపించాయట. ఆ ఆవు పొదుగునుంచి వచ్చిన ఏరు కనుక గోస్తని అయిందని పెద్దలు చెబుతారు. మా పిల్లలకు పాఠం చెప్పే రోజుల్లో, పైకప్పు నుంచి నీటిబొట్టు వేలాడుతున్న రాతి కొసను చూపించి, ఆ పేరు పెట్టినవాడి చూపు ఎంత చురుకైనదో చూడండని అనేవాణ్ని.

కటికి జలపాతానికి బొర్రా నుంచే జీపులు దొరుకుతాయి. దారి గతుకులమయం, చివర కొంత దూరం నడవాలి, అమ్మగారికి అది వద్దు. నదిలోకి దిగడం గురించి నాకంటే బాగా తెలిసినవారు రాస్తారని ఊరుకుంటున్నాను.

జవాబు: సున్నపురాయి

మాస్టారు చెప్పిన పొదుగు పోలికకు కొనసాగింపుగా, ఆ రాయి ఎలా పుట్టిందో రాస్తాను, ఎందుకంటే మీ గుండం ప్రశ్నకు సమాధానం కూడా అందులోనే ఉంది.

అనంతగిరి కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖొండలైట్ అనే శిల. ఖోండు గిరిజనుల పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చింది. ఆ శిలల నడుమ బొర్రా దగ్గర సున్నపు శిల ఉంది. కొండపై పడిన వాన నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని, అతి తేలికపాటి ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు పగుళ్ల వెంట దిగుతూ సున్నపు శిలను కరిగిస్తుంది, వేల, లక్షల ఏళ్లలో పగులు సందు అవుతుంది, సందు మందిరమవుతుంది. అలా ఖాళీ అయిన చోటికి సున్నంతో నిండిన బొట్టు చేరినప్పుడు, అది మోసుకొచ్చిన వాయువు గాలిలో కలిసిపోయి, కరిగిన సున్నంలో లవలేశం గట్టిపడి కప్పుకు అంటుకుంటుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, బొట్టు కింద పడినచోట లేచేవి స్టాలగ్మైట్లు, రెండూ కలిస్తే స్తంభం. శివలింగమన్నా, ఆవన్నా, మార్గదర్శకులు టార్చి వేసి చూపించే మొసలి, పుట్టగొడుగు అన్నా, అన్నీ ఈ బొట్టు పనే. సుమారు 80 మీటర్ల లోతున్న ఈ గుహను చూసినవారు బెలూం గుహలతో పోల్చుతుంటారు, కానీ ఆ రెండూ వేరు రకాలు. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం మైదానం కింద 3,229 మీటర్ల పొడవున సొరంగంలా సాగుతుంది, లోపల ఉక్కపోత. బొర్రా కొండ కడుపులో నిలువుగా తెరుచుకున్న గుహ, లోపల చల్లదనం.

దయచేసి అబ్బాయికి ఒక్క మాట చెప్పండి. రాతి కొసలను చేత్తో తాకవద్దు. చేతి జిడ్డు అంటుకున్నచోట నీటి పొర సరిగా నిలవదు, పెరుగుదల కుంటుపడుతుంది. దీపాలకు దగ్గరగా ఉన్న గోడల మీద పచ్చటి నాచు కనిపిస్తుంది, అది సహజమైనదని చాలామంది అనుకుంటారు. వెలుగు ఎరగని చోటికి మనం దీపం తెచ్చినందువల్ల మొలిచిన నాచు అది. రంగురంగుల దీపాలు లేని బొర్రాను చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది, కానీ నా మాట ఎవరూ వినరు.

ఇంకొక సంగతి, ప్రయాణానికి పనికొచ్చేది కాకపోయినా ఆ లోయలో నడిచేవారికి తెలిసి ఉండాలి. ఈ సున్నపు శిలల్లోనే కాల్సైట్ దొరుకుతుంది. బొర్రా పరిసరాల్లో గిరిజనేతరులకు ఇచ్చిన గని లీజుల మీద మొదలైన వివాదమే, సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1997 జూలై 11న సమతా తీర్పుగా వెలువడింది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని, అది ప్రభుత్వ భూమే అయినా, గిరిజనేతరులకు గానీ ప్రైవేటు కంపెనీలకు గానీ లీజుకు ఇవ్వడం చెల్లదని న్యాయస్థానం చెప్పింది. దేశమంతటా ఉదాహరించే ఆ తీర్పు, మనం వేయించిన మొక్కజొన్న పొత్తు తింటూ ఫొటోలు తీసుకునే ఈ గుట్టల గురించినదే.

ఇప్పుడు గుండాల సంగతి. గుహను నీరు కరిగించి చేస్తుంది, గుండాన్ని మాత్రం అరగదీసి చేస్తుంది. వరదలో కొట్టుకొచ్చిన గులకరాళ్లు రాతి పల్లంలో చిక్కుకుని, సుడితో పాటు తిరుగుతూ తిరుగలిలా రాతిని తొలుస్తాయి. అందుకే గుండం గోడలు నున్నగా, నిలువుగా, కొన్నిచోట్ల పైఅంచు కంటే లోపలే వెడల్పుగా ఉంటాయి. దిగడం సులువే, పైకి రావడానికి పట్టు దొరకదు. నీరు తేటగా ఉన్నప్పుడు అడుగు చాలా దగ్గరగా ఉన్నట్లు కంటికి తోస్తుంది. చదునైన గచ్చు అడుగున్న ఈత కొలనులో నేర్చుకున్న పిల్లవాడి అంచనాలు ఇక్కడ ఒక్కటీ పనిచేయవు.

జవాబు: గెడ్డదాటు

పైన రాసినవారు శాస్త్రం చెప్పారు, నేను నా బుద్ధితక్కువతనం చెబుతాను. పదేళ్ల క్రితం ఒక నవంబరులోనే మేం నలుగురు స్నేహితులం అనంతగిరి వైపు ఒక గెడ్డలో దిగాం. పేరున్న చోటు కాదు, అందుకే జనం లేరు, అందుకే మాకు నచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మోకాలి లోతు నీటిలో రాళ్ల మీదుగా పైకి నడుస్తూ, రెండు రాతిగోడల నడుమ ఉన్న ఒక గుండం చేరుకుని, బట్టలు ఒడ్డునున్న పెద్ద బండ మీద పెట్టి ఈతకు దిగాం. దారి చూపడానికి మా వెంట వచ్చిన గిరిజన యువకుడు నీటిలో దిగకుండా ఒడ్డునే కూర్చున్నాడు. కాసేపటికి అతను లేచి నిలబడి, మాట్లాడకుండా పైవైపు చూసి, వెంటనే ఎక్కమన్నాడు. నాకు ఏ తేడా కనిపించలేదు. అతనికి కనిపించింది నీటి మీద తేలివస్తున్న ఎండుటాకులు, పుల్లలు. మేం గోడ పక్కనున్న వాలు ఎక్కి పావుగంట కాకముందే నీరు ఎర్రబడింది, బట్టలు పెట్టిన బండ మునిగింది. పై కొండల మీద ఎక్కడో, మేం చూడలేని మలుపు వెనుక, వాన కురిసింది. ఆ రోజు నేను తువ్వాలు చుట్టుకుని ఊరు చేరాను, అది తలచుకుని ఇప్పటికీ మావాళ్లు నవ్వుతారు. నేను మాత్రం ఆ బండ గురించే తలచుకుంటాను.

కాబట్టి నవంబరులో వానలు వెనకబడతాయన్న మీ ఆశకు నేను ఒప్పుకోను. నైరుతి వెళ్లిపోయినా, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలమే అది. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. వాయుగుండం హెచ్చరిక ఉన్న వారంలో లోయ ఆలోచనే మానుకోండి. హెచ్చరిక లేకపోయినా, రెండువైపులా ఎక్కడానికి వీల్లేని గోడలున్న ఇరుకులోకి కుటుంబంతో వెళ్లవద్దు. నీటి రంగు మారినా, చెత్త తేలివచ్చినా, చప్పుడు పెరిగినా, ఎందుకని ఆలోచించడం ఒడ్డెక్కిన తరువాతే. బొర్రా దిగువన గోస్తనిలోకి యాత్రికుల కోసం వేసిన దారి లేదు. స్థానికులు నడిచే అడుగుదారులున్నాయి, అవి వారి కాళ్లకు తెలిసిన దారులు. మీరు గుహ ముఖద్వారం దగ్గర నిలబడి పైనుంచి లోయను చూడండి, నిజానికి ఆ ఇరుకు ఎంత లోతో అర్థమయ్యేది అక్కడినుంచే.

అబ్బాయి నీటిలో ఆడాలంటే కటికి దగ్గర, జనం ఉన్నచోట, ధార నేరుగా పడే చోటుకు దూరంగా, మోకాలి లోతులో ఆడనివ్వండి. ధార కింద నిలబడితే నీటితో పాటు రాళ్లూ పడవచ్చు. అరకు అవతల డుంబ్రిగూడ దగ్గరి చాపరాయికి కూడా వెళ్తారేమో, అది గోస్తని కాదు, వేరే గెడ్డ. చాపలా పరచుకున్న బండ మీద పలుచగా నీరు జారుతుంటుంది కనుక నిరపాయంగా కనిపిస్తుంది, కానీ పాచి పట్టిన చోట కాలు నిలవదు. పొడి బండ మీద తిరగడం వేరు, తడి బండ మీద తిరగడం వేరు.

కొండ చరియలకు వేలాడే పెద్ద తేనెపట్టుల కింద పొగ పెట్టవద్దు, అరవవద్దు. దోమల మందు రాసుకోండి, ఏజెన్సీ మలేరియా ఆషామాషీది కాదు.

మద్దిలపాలెం బాటసారి

ముగ్గురికీ కృతజ్ఞతలు. జవాబులను అబ్బాయి చేతనే బిగ్గరగా చదివించాను. బండ మునిగిన చోట ఆగి, మరి ఆ అన్నయ్యకు చివరికి బట్టలు దొరికాయా అని అడిగాడు. నది వెంట నడక మానుకున్నాం. మొదటి రోజు రైలులో బొర్రా, గుహ అయ్యాక అమ్మా నా భార్యా స్టేషను దగ్గర విశ్రాంతి తీసుకుంటుండగా నేనూ అబ్బాయీ జీపులో కటికి, రాత్రికి అనంతగిరిలో బస. రెండో రోజు కారులో ఘాటు దిగి ఇల్లు. మంగళవారం బయలుదేరేటట్లు చూసుకుంటున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఇంట్లో అభిషేకానికి గోస్తని నీళ్లు ఒక చెంబెడు తెమ్మని అమ్మ అడుగుతోంది. లోపల బొట్లు పడేచోట సీసా పెట్టి పట్టుకోవచ్చా?

జవాబు: గెడ్డదాటు

దొరకలేదు. చొక్కా ఒక్కటి రెండు మలుపుల దిగువన కొమ్మకు చిక్కుకుని ఉందని మరునాడు ఆ కుర్రవాడే తెచ్చి ఇచ్చాడు.

జవాబు: శృంగవరపుకోట మాస్టారు

గుహలో సీసా పెట్టవద్దు బాబూ. సున్నపురాయిగారు చెప్పినట్లు ఆ బొట్టు చేయవలసిన పని ఇంకా ఉంది. పైగా కార్తీకంలో వచ్చినవారందరూ తలా ఒక సీసా పెడితే అక్కడ నిలబడడానికి చోటుండదు. కటికి దగ్గర పారే నీటిలో ఒక చెంబు ముంచుకోండి, అదీ గోస్తనే.

అమ్మగారికి ఇంకో మాట కూడా చెప్పండి. ఈ ఏరు కొండ దిగి వచ్చి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే ముందు, విజయనగరం జిల్లాలోని తాటిపూడి జలాశయంలో ఆగుతుంది. విశాఖ నగరానికి తాగునీరు ఇచ్చే జలాశయాల్లో తాటిపూడి ఒకటి. మీ పేటకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో ఒకసారి కనుక్కోండి. తాటిపూడి నుంచే అని తేలితే, ఆమె ఇరవై ఏళ్లుగా మీ వంటింటి కుళాయి కింద పడుతున్నవి గోస్తని నీళ్లే.