బంగారు నానోకణాలు ఇచ్చినా 6 ఎంవీ రేడియేషన్‌లో తేడా కనబడట్లేదు, తప్పు ఎక్కడ?

కైలాసగిరి23:
రేడియేషన్ దెబ్బ పెరుగుతుందని హీలా సెల్స్‌కి (ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాలు) 13 నానోమీటర్ల బంగారు కణాలు ఇచ్చి, 6 ఎంవీ (మెగావోల్ట్) లీనాక్‌లో, అంటే రేడియేషన్ చికిత్స యంత్రంలో, 4 గ్రే డోసు ఇస్తున్నాం. ద్రావణం ఎర్రగానే వస్తుంది, పీబీఎస్‌లో (సెల్స్‌కి వాడే ఉప్పు బఫర్ ద్రావణం) కలపగానే నీలం తిరుగుతోంది. ఎంటీటీలో (బతికున్న సెల్స్‌ని రంగుతో కొలిచే పరీక్ష) ఒక్కోసారి బంగారం ఉన్న వెల్సే ఎక్కువ బతికినట్టు చూపిస్తోంది. ల్యాబ్ విశాఖలో ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) దగ్గర, లీనాక్ అగనంపూడిలో. ఏం మార్చాలండీ?

కెమ్_సింహాచలం:
నీలం తిరిగిందంటే నానోకణాలు ముద్దకట్టాయి. సిట్రేట్ పూత తాలూకు రుణావేశమే వాటిని విడివిడిగా ఉంచుతుంది. పీబీఎస్‌లోని ఉప్పు దాన్ని కప్పేస్తుంది. ఉప్పు తగలకముందే 5000 డాల్టన్ల థయాల్ పెగ్ (బంగారానికి అంటుకుని పూతలా కాపాడే పాలిమర్) కలిపి రాత్రంతా తిప్పండి, మిగులు పెగ్‌ని సెంట్రిఫ్యూజ్‌లో తీసేయండి. ఒక మిల్లీలీటరు విడిగా తీసి 10 శాతం ఉప్పునీళ్లు 100 మైక్రోలీటర్లు వేయండి. ఎరుపు నిలిస్తేనే సెల్స్‌కి ఇవ్వండి. తయారీలో సిట్రేట్‌ని మరుగుతున్న ద్రావణంలో ఒక్కసారిగా పోయాలి, బొట్లుబొట్లుగా పోస్తే సైజులు చెదిరిపోతాయి.

లీనాక్_బల్ల:
రంగు సరిచేసినా 6 ఎంవీ దగ్గర పెద్ద తేడా ఆశించకండి. బంగారం లాభమంతా ఫోటోఎలక్ట్రిక్ శోషణలో (ఫోటాన్‌ని పరమాణువు పూర్తిగా పీల్చుకుని ఎలక్ట్రాన్‌ని వదలడం) ఉంది, దాని కె అంచు, అంటే ఆ శోషణ ఒక్కసారిగా పెరిగే శక్తి, 80.7 కేఈవీ. 6 ఎంవీ కిరణంలో కాంప్టన్‌దే (ఫోటాన్ ఎలక్ట్రాన్‌ని ఢీకొని చెదరడం) పైచేయి, దానికి పరమాణు సంఖ్య పెద్దగా పట్టదు. 2004లో హైన్‌ఫెల్డ్ బృందం ఎలుకల్లో మంచి ఫలితం చూసింది 250 కేవీపీ ఎక్స్‌రేలతో, అంటే లీనాక్ కన్నా చాలా తక్కువ శక్తితో. మీ దగ్గర లీనాక్ ఒక్కటే ఉంటే ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ బీమ్ (కిరణాన్ని సమం చేసే ఫిల్టర్ తీసేసినది) వాడి, ఫ్లాస్క్ పైన 10 సెంటీమీటర్ల సాలిడ్ వాటర్ (నీళ్లలా ప్రవర్తించే ప్లాస్టిక్ పలకలు) పెట్టండి, తక్కువ శక్తి ఫోటాన్ల వాటా కాస్త పెరుగుతుంది. ఫ్లాస్క్‌లో గాలి ఖాళీ ఉండకూడదు.

కైలాసగిరి23:
మరి హాఫ్నియం ఆక్సైడ్ నానోకణాలు రోగుల్లో లీనాక్‌తోనే పనిచేశాయి కదా సర్?

లీనాక్_బల్ల:
అవును, వాటిని నేరుగా కణితిలోకే ఇంజెక్ట్ చేస్తారు, అందుకే అక్కడ సాంద్రత చాలా ఎక్కువ. సాఫ్ట్ టిష్యూ సార్కోమా (కండరాలు, కొవ్వు లాంటి మెత్తని కణజాలాల్లో వచ్చే క్యాన్సర్) ట్రయల్‌లో కణితి దాదాపు పూర్తిగా చచ్చినవాళ్లు 16 శాతం, రేడియేషన్ ఒక్కటే ఇస్తే 8. మీ ఫ్లాస్క్‌లో పలచగా కలిపిన బంగారాన్ని వాటితో పోల్చలేం.

సెల్‌కల్చర్_ఎంవీపీ:
ఎంటీటీ మానేయండి. రంగు కొలిచే 570 నానోమీటర్ల దగ్గర బంగారం కూడా కాంతిని పీల్చుకుంటుంది, అందుకే ఆ దొంగ బతుకు. కాలనీ పరీక్షే (బతికిన సెల్స్ పెరిగి కట్టే గుంపుల్ని లెక్కపెట్టడం) చేయండి: 0, 2, 4, 6, 8 గ్రే, డోసు పెరిగేకొద్దీ ఎక్కువ సెల్స్ నాటి, 10 నుంచి 14 రోజులకు క్రిస్టల్ వయొలెట్ రంగు వేయండి, 50 సెల్స్ దాటినవే కాలనీ. గాజువాక ట్రాఫిక్‌లో ఇంక్యుబేటర్ ఇచ్చే సీవో2 ఉండదు కాబట్టి మీడియంలో హెపీస్ (ఆమ్లత మారకుండా ఉంచే బఫర్) వేసి మూత బిగించండి. డోసు ఇవ్వని ఫ్లాస్కులు కూడా అగనంపూడి వెళ్లి రావాల్సిందే.