అమ్మమ్మ సవర అయితే, నేను కొంచెమైనా సవరనా?

నాగావళి_గట్టు:
మాది శ్రీకాకుళం. అమ్మమ్మది సీతంపేట కొండల్లో ఊరు, సవర అనే గిరిజన తెగ మనిషి. తాతయ్య పాలకొండలో వర్తకుడు, చింతపండు, పసుపు కొనడానికి సంతకి వెళ్ళేవాడు. ఈ సంగతి అమ్మమ్మ పోయాక, నాకు ముప్పై దాటాక గానీ తెలియలేదు. అంతవరకూ మా ఇంట్లో "ఆవిడది ఒడిశా వైపు" అనేవారు. నాకొకటే గుర్తు. వేసవిలో అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు లెక్కపెట్టేది. అబొయ్, బగు, యాగి, ఉంజి... అలా పన్నెండు దాకా వెళ్ళి, పదమూడుకి "పన్నెండూ ఒకటీ", పద్నాలుగుకి "పన్నెండూ రెండూ" అనేది. లెక్క రాదని మేమందరం పడీపడీ నవ్వేవాళ్ళం. సవర భాషలో లెక్క అలాగే ఉంటుందని ఈమధ్య చదివి సిగ్గేసింది.
ఇప్పుడు భాష నేర్చుకుంటున్నాను. ముందు గదిలో గోడకి ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో సవర బొమ్మలు వేశాను. ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టి "నేనూ సవరనే" అని రాస్తే, ఆ మాట అనే హక్కు నీకు లేదని ఒకాయన కామెంట్ పెట్టాడు. మీరేమంటారు?

పాలకొండ_77:
సర్టిఫికెట్ కోసమా? మీ నాన్నగారిది ఏ కులం?

నాగావళి_గట్టు:
సర్టిఫికెట్ ఊసే ఎత్తలేదండీ. నాకు వద్దు.

పాలకొండ_77:
మొదట అందరూ అలాగే అంటారు. తండ్రి కులమే పిల్లలకి అని మామూలుగా అనుకుంటారు గానీ, తల్లి దగ్గర గిరిజనులుగా పెరిగామని రుజువు చూపించుకోవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారిలో ఎందరు దూరుతున్నారో ఆఫీసుల్లో చూస్తున్నాను. మా వాడు రెండు మార్కుల్లో సీటు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు.

టెక్కలి_బస్సు:
సీతంపేట 2022 నుంచి మన్యం జిల్లా. మన జిల్లా ఫోరంలో ఈ చర్చ ఎందుకు?

రిటైర్డ్_మాస్టారు:
అమ్మా, నువ్వు చేసేది మంచి పని, ఎవరి మాటా పట్టించుకోకు. గిడుగు రామమూర్తి పంతులు గారికి సవర రక్తం ఒక్క బొట్టైనా ఉందా? పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నాడు. సొంత డబ్బుతో వాళ్ళకి బడులు పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి ఆయనకి దండలేస్తాం, సవర సంగతి మాత్రం ఒక్కడూ ఎత్తడు. ఏ చుట్టరికమూ లేని ఆయనకి లేని అభ్యంతరం, సొంత మనవరాలికి ఎందుకు?

కొండదారి:
మాస్టారూ, నేను సవరని. ఫేస్‌బుక్‌లో ఆ కామెంట్ నాది కాదు గానీ, నా మాటా అదే. పంతులు గారి మీద మాకు గౌరవం ఉంది. ఆయన నిఘంటువు రాశాడు, "నేనూ సవరనే" అని ఎక్కడా రాయలేదు.
మాలో బిరిందా అని ఉంటుంది, అంటే వంశం. అది తండ్రి నుంచే వస్తుంది. ఆడపిల్ల పెళ్ళయినా పుట్టింటి బిరిందాలోనే ఉంటుంది గానీ, పిల్లలకి మాత్రం తండ్రిదే. మా లెక్కన మేడమ్ గారి అమ్మే సవర కాదు, ఇక ఆవిడెక్కడ? ఆ గోడ బొమ్మలు అందానికి వేసుకునేవి కావు. చనిపోయినవాళ్ళ కోసమో, జబ్బు చేస్తేనో, కూడన్, అంటే మా పూజారి, చెప్పినట్టు వేసి, బియ్యం, కల్లు పెట్టి పిలుస్తారు. టీవీ పక్కన ఎవరిని పిలుస్తున్నారు?

రిటైర్డ్_మాస్టారు:
గిడుగు వారు రాయలేదన్నావు. రాయకపోతే మాత్రం? ఆయన మనసు సవర. మన జిల్లా మనిషి.

రిమ్స్_రోడ్:
పర్లాకిమిడి ఒడిశా కదా మాస్టారూ.

రిటైర్డ్_మాస్టారు:
పుట్టింది పర్వతాలపేటలో, శ్రీముఖలింగం దగ్గర, 1863లో. తెలియకపోతే ఊరుకోవాలి.

నాగావళి_గట్టు:
కొండదారి గారూ, మీ వాళ్ళే ఆ బొమ్మలు గుడ్డ మీదా, కాగితం మీదా వేసి ఎగ్జిబిషన్లలో అమ్ముతున్నారు. అక్కడ ఎవరిని పిలుస్తున్నారు? చర్చికి వెళ్ళి కూడన్‌ని మానేసినవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళు సవరలే, నేను మాత్రం కాను. మా అమ్మమ్మ నలభై ఏళ్ళు తన భాష మాట్లాడే తోడు లేక గొణుక్కుంటూ పోయింది. ఆ బాధ నాది కాదా?

కొండదారి:
గొణుక్కునేలా చేసింది ఎవరు? మీ ఇంట్లోవాళ్ళే. ఒడిశా వైపు అని దాచింది ఎవరు? మాకు దాచుకునే వీలే లేదు. రికార్డుల్లో మా అందరి ఇంటిపేరూ "సవర". హాస్టల్లో మా గదిలో ఏడుగురం సవరలం, ఒకరికొకరం ఏమీ కాము. పేరు పిలవడానికి ఓపిక లేక వార్డెన్ ఒకటో సవర, రెండో సవర అని పిలిచేవాడు. నేను నాలుగో సవరని. ఆ పేరు నీకు ఇప్పుడు ముచ్చటగా ఉందా?

రిమ్స్_రోడ్:
"నువ్వు" అనకండి అన్నా. ఆడపిల్ల.

కొండదారి:
సరే, మీరు. మేడమ్, మీ అమ్మమ్మ పేరు మీద కొండ మీద భూమి ఎంత ఉంది?

నాగావళి_గట్టు:
దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

కొండదారి:
ఎంత?

నాగావళి_గట్టు:
నాలుగెకరాల జీడితోట. తాతయ్య కొని అమ్మమ్మ పేరున పెట్టాడు.

కొండదారి:
ఏ సంవత్సరంలో? 1970లో 1/70 చట్టం వచ్చాక ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనడం చెల్లదు. గిరిజనురాలి పేరున కొంటే చెల్లుతుంది. సంత దారిలో ఎంతమంది వర్తకులకి అకస్మాత్తుగా మా పిల్లల మీద ప్రేమ పుట్టిందో మాకు తెలుసు. మా మేనత్త అలాగే వెళ్ళింది. తోట ఉంది, ఆవిడ వంటింటి వెనక గదిలో పోయింది. అందుకే "మా అమ్మమ్మ సవర" అని ఎవరైనా మురిసిపోతే నాకు ఒళ్ళు మండుతుంది. బొమ్మల గురించి కాదు.

పాలకొండ_77:
సర్టిఫికెట్ అని నేను మొదటే అన్నాను కదా!

రిటైర్డ్_మాస్టారు:
పాలకొండ బాబూ, కాసేపు ఊరుకో.

నాగావళి_గట్టు:
మా తాతయ్య అలాంటివాడు కాదు.

కొండదారి:
కాకపోవచ్చు. నేనెరగను. పిక్కలు ఎవరికి వెళ్తున్నాయి?

నాగావళి_గట్టు:
మా మావయ్యకి. ప్రతి వేసవిలో మాకూ ఒక బస్తా పంపుతాడు. అమ్మమ్మ లెక్కపెట్టినవి కూడా ఆ పిక్కలే కాబోలు. ఇంతవరకూ తట్టలేదు.

(రెండు రోజుల తరవాత)

కొండదారి:
మొన్న గట్టిగా మాట్లాడాను. ఒక్కటి అడుగుతాను. ఆడమనిషి పోతే పుట్టింటి బిరిందా వాళ్ళు కూడా గువార్, అంటే పోయినవాళ్ళకి చేసే కర్మ, చేసి రాయి పాతుతారు. మీ అమ్మమ్మ పోయినట్టు వాళ్ళకి కబురు వెళ్ళిందా?

నాగావళి_గట్టు:
లేదు. నాగావళి ఒడ్డున కాల్చేశారు. పదకొండో రోజు పులిహోర, లడ్డూ. కొండ నుంచి ఎవరూ రాలేదు. ఎవరున్నారో కూడా మాకు తెలియదు.

కొండదారి:
ఏ ఊరు? పేరు చెబితే మావాళ్ళని కనుక్కోమంటాను.

నాగావళి_గట్టు:
అమ్మకి గుర్తులేదు. తోట కాగితాల్లో అమ్మమ్మ తండ్రి పేరూ, ఊరూ ఉండాలి. అవి మావయ్య బీరువాలో ఉన్నాయి. నిన్న ఫోన్ చేసి అడిగితే "ఇప్పుడు ఆ కాగితాలతో నీకేం పని" అన్నాడు. ఆదివారం వెళ్తున్నాను.