లోలకమా, డోలకమా?

వరంగల్ నుంచి: డిగ్రీలో మా ఎలక్ట్రానిక్స్ సార్ బోర్డు మీద ఆప్-ఆంప్ (సంకేతాన్ని పెంచే చిప్) సర్క్యూట్ గీసి ఒక వాక్యం వల్లె వేయించేవారు. "బయటి నుంచి సంకేతం ఇవ్వకపోయినా తనంతట తానే తరంగాన్ని పుట్టించేది..." చివరి మాట జారిపోయింది. లోలకమా, డోలకమా? మూడు రోజులుగా ఇదే ధ్యాస.

గుంటూరు నుంచి: డోలకమే. లోలకం అంటే గడియారంలో ఊగే గుండు. 741 ఆప్-ఆంప్ చిప్‌లో వేలాడేది ఏముంది?

అనంతపురం నుంచి: అంత తేలిగ్గా తేల్చకండి మాస్టారూ. 'లోల' అంటే చలించేది. వేలాడటం లోలాకుల వల్ల మనకు అలవాటైన అర్థం. లోలాక్షిలో వేలాడటం లేదు కదా.

రాజమండ్రి నుంచి: నా పట్టంతా ఆ 'డ' మీదే. సంస్కృత నిఘంటువుల్లో 'దోల' ఉంటుంది. అన్నమయ్య సంస్కృత కీర్తనలో కూడా 'డోలాయాం' అన్నాడు. 'దో' అంటే ఊయల నిలిచే ఉంటుంది, 'డో' అనగానే ఒక తోపు పడుతుంది. ఆ చెవికి వెయ్యి దండాలు.

హైదరాబాద్ నుంచి: ఊయల పోలిక సైన్ తరంగం పుట్టించే వీన్ బ్రిడ్జి సర్క్యూట్‌కే సరిపోతుందండీ. 10 కిలో ఓమ్‌లు, 0.01 మైక్రోఫారడ్‌లు పెడితే దాదాపు 1,590 హెర్ట్జ్ సైన్ తరంగం. గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే రెట్లు, 3 కన్నా తగ్గితే ఊపు ఆగిపోతుంది, పెరిగితే తరంగం కొసలు తెగుతాయి. అదే ఆప్-ఆంప్‌తో పుట్టించే చతురస్ర తరంగం అలా ఊగదు. కెపాసిటర్ వోల్టేజి హద్దు తాకగానే అవుట్‌పుట్ +13 నుంచి −13 వోల్టులకు తిరగబడుతుంది.

అనంతపురం నుంచి: దానికి ఏతమే పోలిక. మా తాత ఏతం తొక్కేవాడు. బాన నీళ్లలో మునిగేదాకా ఒక కొసన, పైకొచ్చేదాకా రెండో కొసన. బాన కెపాసిటర్, తొక్కే మనిషి ఆప్-ఆంప్.

గుంటూరు నుంచి: ఇది బాగుంది! ఆ కొస నుంచి ఈ కొసకు నడవడానికీ సమయం పడుతుంది. 741 నడక మైక్రోసెకనుకు అర వోల్టు. 26 వోల్టులు దాటేసరికి 52 మైక్రోసెకన్లు. తరంగాన్ని చూపే ఆసిలోస్కోపులో అంచులు వాలుగా కనిపించేది అందుకే. అయినా మాట డోలకమే.

రాజమండ్రి నుంచి: ఏతంపాటల్లో ఆ మలుపు దగ్గరే ఊపిరి పీలుస్తారు. దాని మీద విడిగా రాస్తాను.

వరంగల్ నుంచి: ఒక సంగతి గుర్తొచ్చింది. సార్ గీసిన బొమ్మలో కెపాసిటర్ ఒక్కటే ఉండేది. వీన్ బ్రిడ్జికి రెండు కావాలి కదా. అయితే ఆ చివరి మాట 'బహుకంపకం' (చతురస్ర తరంగం పుట్టించే మల్టీవైబ్రేటర్) ఏమో?