పిల్లల సినిమాల్లో దాచిన బొమ్మలు పిల్లల కంట పడతాయా?

బుజ్జిగాడి_అమ్మ: డిస్నీ సినిమాల్లో బూతు బొమ్మలు, మాటలు దాచారంటూ ఎర్ర సున్నాలు చుట్టిన క్లిప్పులు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వీటిలో నిజం ఎంత? అయిదేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలు మామూలుగా చూస్తుంటే అవి కనిపిస్తాయా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఉంటే చెప్పండి.

ఫ్రేము24: రుజువైనది ఒకటుందండీ. 1977 నాటి 'ది రెస్క్యూయర్స్'. ఎలుకలు రెండూ ఆల్బట్రాస్ పక్షి నెక్కి న్యూయార్క్‌లో ఎగిరే చోట, వెనక కిటికీలో అర్ధనగ్నంగా ఉన్న స్త్రీ ఫొటో ఉంది. 1999 జనవరిలో డిస్నీయే ఒప్పుకుని దాదాపు 34 లక్షల వీడియో క్యాసెట్లు వెనక్కి రప్పించింది.

కానీ లెక్క చూడండి. సినిమా అంటే వరసగా కదిలే విడి బొమ్మలు, ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. లక్షా పదివేలకు పైగా ఫ్రేముల్లో అది ఉన్నది రెండింట్లో, అవీ పక్కపక్కన లేవు. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ఒక్కోటి 42 మిల్లీసెకన్లు. తెల్లటి తెర మీద ఒంటరిగా మెరిస్తే అంతసేపు చాలు, కన్ను పట్టేస్తుంది. ఇక్కడ వెంటనే వచ్చే ఫ్రేము దాన్ని చెరిపేస్తుంది, చూపేమో పక్షి మీద ఉంటుంది. ఆపి ఒక్కో ఫ్రేమూ జరిపితేనే దొరుకుతుంది. కంప్యూటర్లో వీడియోలు చూసే వీఎల్‌సీ ప్లేయర్‌లో అయితే 'ఈ' మీట నొక్కుతూ పోండి. సినిమా అసలు డిస్క్‌లోనే చూడండి. చేతులు మారిన క్లిప్పు నలిగి నలిగి గడులుగడులుగా చెదిరిపోతుంది, అందులో లేని అక్షరాలు కూడా కనిపిస్తాయి.

బుజ్జిగాడి_అమ్మ: 'లయన్ కింగ్'లో దుమ్ము లేచే చోట 'సెక్స్' అని అక్షరాలు కనిపిస్తాయంటున్నారు. తొమ్మిదేళ్ల వాడికి చదవడం వచ్చు కదా?

ఫ్రేము24: అది ఒక్క ఫ్రేము కాదు, దుమ్ము కాసేపు తేలుతుంది. ఎఫెక్ట్స్ విభాగం తమ గుర్తుగా 'ఎస్ఎఫ్ఎక్స్' (స్పెషల్ ఎఫెక్ట్స్‌కు పొట్టి రూపం) అని పెట్టుకుందని ఆ సినిమాకు పనిచేసిన యానిమేటర్ టామ్ సీటో చెప్పారు. అక్షరాలు వంకరగా, విడిపోతూ ఉంటాయి. ఇక్కడ అక్షరాలున్నాయి అని ముందే ఎవరో చెబితేనే చదవడం మొదలవుతుంది. అయిదేళ్ల పిల్లకు అది ఉత్త దుమ్మే.

డబ్బింగ్_గది: మాటల సంగతి కూడా అంతే. 1992 'అల్లాదీన్'లో పులిని అదిలిస్తూ గొణిగే మాటల్ని బూతుగా వినిపించుకున్నారు. రెండు గొంతులు ఒకదానిమీద ఒకటి పడ్డ చోట, తెర మీద రాసి చూపించిన వాక్యమే చెవికి వినిపిస్తుంది. తెలుగులోకి డబ్బింగ్ చేస్తే ఆ ఇంగ్లిష్ గొణుగుడే ఉండదు. సంగీతం, చప్పుళ్ల ట్రాక్ ఉంచి మాటలన్నీ మళ్లీ రికార్డు చేస్తారు. బొమ్మ మాత్రం మారదు.

పలక_బలపం: ఇంట్లో చూడాలంటే ఇలా చేయండి. ఆ సీనుతో కలిపి ఓ రెండు నిమిషాలు మామూలు వేగంతో, ఒక్కసారే వేయండి. ఇద్దరికీ విడివిడిగా. తర్వాత "ఏం చూశావో చెప్పు" అని ఊరుకోండి. మాట రాకపోతే కాగితమిచ్చి గీయమనండి. "అక్షరాలు కనిపించాయా?" అని మాత్రం అడగొద్దు. అయిదేళ్ల పిల్లలు అమ్మ అడిగిందానికి ఊఁ అనేస్తారు, పరీక్ష అక్కడితో సరి. ఒకసారి చెప్పేశాక ఆ పిల్లతో మళ్లీ చేసినా లాభం లేదు.

పిల్లలు నిజంగా పట్టేవి వేరు: ముదురు రంగులో, తీరిగ్గా, పదే పదే కనిపించేవి. 'టాయ్ స్టోరీ' తీసిన పిక్సార్ స్టూడియో సినిమాల్లో ఎర్ర నక్షత్రమున్న పసుపు బంతి అలాంటిదే, పెద్దలకంటే ముందు వాళ్లే చూపిస్తారు. 'టాయ్ స్టోరీ'లో కారు నంబరు ప్లేటు మీది 'ఏ113' చదవగలరు గానీ, అది కాల్‌ఆర్ట్స్ కళాశాలలో యానిమేటర్లు చదువుకున్న గది నంబరని ఎవరో చెప్పాలి.