అమ్మ మతిమరుపు నిజంగా వయసు వల్లేనా?

అమ్మకు 71 ఏళ్లు. మొన్న కుక్కర్‌లో నీళ్లు పోయకుండానే బియ్యం పెట్టి స్టవ్ వెలిగించింది. ఏటా తనే కలిపే ఆవకాయలో ఈసారి ఉప్పు వేశానా అని నాలుగుసార్లు అడిగింది. ఎప్పుడూ చూపించే డాక్టరుగారు రెండు నిమిషాలు చూసి, వయసు కదా అని నిద్రమాత్ర రాశారు. అది వేసుకున్నాక అయోమయం ఇంకా పెరిగింది, నాకు టెన్షన్‌గా ఉంది.

విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ సమస్య వల్లా మతిమరుపు వస్తుందని, అలాంటిదైతే మందులతో మెరుగవ్వచ్చని చదివాను. ఆ రక్తపరీక్షలు రాయమని ఆయన్ను నొప్పించకుండా ఎలా అడగాలి? అమ్మకు చదువు రాదు. మతిమరుపు ఉందేమో చూడటానికి గడియారం బొమ్మ గీయమనే పరీక్ష ఆమెకు సరిపోతుందా? చదువు రానివాళ్లకు తెలుగులోనే జ్ఞాపకశక్తి పరీక్ష చేసేవాళ్లు గుంటూరు, విజయవాడల్లో ఉన్నారా? పెద్దల హెల్ప్‌లైన్ 14567కి ఎవరైనా ఫోన్ చేశారా? దయచేసి చెప్పండి.